తొలి స్టీరింగు ఎవరి బండి మీద?

హెవీ లైసెన్సు చేతికి వచ్చిన యువకునికి ఈ రోజుల్లో పని దొరకడం కష్టం కాదు. డ్రైవర్లు చాలడం లేదని లారీ యజమానులే వాపోతున్నారు. తణుకు, రావులపాలెం, తాడేపల్లిగూడెం పరిసరాలలో ఏ టీకొట్టు వద్ద నిలబడినా, ఏ బ్రోకరు ఆఫీసు మెట్లు ఎక్కినా “రేపే ఎక్కు, నెలకు ఇంత ఇస్తాం” అనేవారు ఇద్దరు ముగ్గురు కనబడతారు. అట్టి పిలుపులలో ఏది అందుకోవాలి, ఏది విడనాడాలి అన్నదే యువకునికీ, వాని తల్లిదండ్రులకూ ఎదురయ్యే అసలు ప్రశ్న. ముఖ్యంగా ఇటీవల మన కుర్రవాళ్ళు బియ్యం లారీలను వదలి ట్రైలర్ల వైపు మొగ్గు చూపుతున్నారు. కనుక ఈ నెల మనం ఆ విషయాన్నే పరిశీలిద్దాం.

బల్ల బండి తీరు వేరు

డెల్టాలో పుట్టిన డ్రైవరుకు అలవాటైనది చుట్టూ గోడలున్న లారీ. మిల్లుల నుండి బియ్యం బస్తాలు, పాలకొల్లు, అంబాజీపేటల నుండి కొబ్బరికాయలు, రావులపాలెం నుండి అరటి గెలలు, భీమవరం, ఆకివీడు ప్రాంతాల నుండి మంచు పెట్టెలలో చేపలు దూరప్రాంతాలకు వెళ్ళేది అట్టి బండ్ల మీదనే. వాటిలో సరుకు కొంత కదిలినా గోడ ఆపుతుంది.

ఫ్లాట్‌బెడ్ ట్రైలరుకు గోడలుండవు. అది చక్రాలమీద పరచిన పొడవాటి ఇనుప బల్ల. విశాఖ ఉక్కు కర్మాగారంలో తయారయ్యే కమ్ములు, తీగచుట్టలు, యాంగిళ్ళు, ఛానళ్ళు, చీమకుర్తి గనులలో తీసిన గ్రానైటు దిమ్మెలు, రేవులలో దిగిన యంత్రభాగాలు ఇట్టి బల్లలమీద ప్రయాణిస్తాయి. ఒక్క ఘనమీటరు గ్రానైటు 2.7 నుండి 3 టన్నుల వరకు తూగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. ఆ వేగంలో డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది గానీ పైనున్న సరుకు ఆగాలని అనుకోదు. దానిని ఆపవలసినవి గొలుసులు, బెల్టులు, చెక్క దిమ్మెలు మాత్రమే. అవి సరిగా లేకుంటే కమ్ముల కట్ట క్యాబిన్ వెనుక గోడను చీల్చుకొని డ్రైవరు వీపు మీదికే వస్తుంది. అందుచేత ట్రైలరు డ్రైవరుకు నడపడం సగం పని. కట్టడం మిగతా సగం.

ఈ రెండవ సగాన్ని ఏ డ్రైవింగు స్కూలూ నేర్పదు. లైసెన్సు పరీక్షలో ఎవరూ అడగరు. తొలి యజమాని వద్దనే నేర్చుకోవాలి, లేదా తొలి ప్రమాదం వద్ద నేర్చుకోవాలి. తొలి కొలువు ఎంపికకు ఇంతటి ప్రాముఖ్యం రావడానికి కారణమిదే.

ముందుగా మన అర్హత

యజమానిని ప్రశ్నించడానికి ముందు మన కాగితాలు మనం చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం 20 ఏళ్ళు నిండనివారు రవాణా వాహనం నడపరాదు. అంతకు ముందు కనీసం ఒక ఏడాది లైట్ మోటారు వాహనాల లైసెన్సు ఉండి తీరాలి. ఎనిమిదవ తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధనను 2019లో తొలగించారు. రవాణా లైసెన్సును ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి.

కారు లైసెన్సు ఉన్న కుర్రవానితో పెద్ద బండి నడిపించే యజమానులు కూడా లేకపోలేదు. “అంతా మేము చూసుకుంటాం” అని వారంటారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లైట్ మోటారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చునని తేల్చింది. ట్రైలరు ఆ పరిమితికి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. తగిన లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తే అవకాశం ఉంది. కేసు మాత్రం స్టీరింగు పట్టినవాని పేరు మీదనే నమోదవుతుంది. ఇట్టి మాట చెప్పిన యజమాని వద్ద నుండి సలాం చెప్పి లేచి రావడమే మేలు.

జీతం లెక్క జీతంతో తేలదు

యువకులు మొదట అడిగేది నెలకెంత అని. అడగవలసినదే. అయితే ఆ అంకె వెనుక ఉన్న ఒప్పందమే అసలు జీతం.

ఉదాహరణకు ఇద్దరు యజమానులున్నారనుకుందాం. మొదటివారు నెలకు 25,000 రూపాయలన్నారు. రెండవవారు 18,000 రూపాయల జీతం, ఆపై బండి నడిచినా నిలిచినా రోజూ బత్తా అన్నారు. మొదటివారి వద్ద లోడు కోసం ఫ్యాక్టరీ గేటు ముందు ఐదు రోజులు పడిగాపులు పడ్డారు. ఆ రోజుల తిండి ఖర్చు రోజుకు 400 చొప్పున 2,000 చేతి నుండి పోయింది. డీజిల్ మైలేజీ తగ్గిందని 1,500 కోత. టైరు పేలినందుకు 3,000. చినిగిన టార్పాలిన్‌కు 1,500. నెలాఖరున చేతికి వచ్చినది 17,000. ఇవి మేము ఉదాహరణకు వేసిన అంకెలే గానీ, ఈ కోతలన్నీ వృత్తిలో నిత్యం వినబడేవే.

కనుక ఇలా అడగాలి: బత్తా నడిచే రోజుకా, ప్రతి రోజుకా? లోడింగు, అన్‌లోడింగు కోసం ఆగిన రోజులకు ఏమిస్తారు? మైలేజీ ఏ లెక్కన కడతారు, నిండు బండికీ ఖాళీ బండికీ ఒకే లెక్కా? టైరు, తాడు, గొలుసు పాడైతే ఎవరిది? పోలీసు, రవాణా శాఖల చలానాలు ఎవరు కట్టాలి? జీతం ఏ తేదీన, చేతికా, బ్యాంకు ఖాతాకా?

జీతం ట్రిప్పుల లెక్కన కడితే మరొక చిక్కు ఉంది. ఎన్ని ట్రిప్పులు తిరిగితే అంత డబ్బు కనుక నిద్ర మానుకొని తిరగాలన్న ఆశ డ్రైవరులోనే పుడుతుంది. యజమాని తొందర పెట్టనక్కరలేదు, లెక్కే తొందర పెడుతుంది. అనుభవం లేని తొలి ఏడాది నెలజీతానికి కుదరడమే క్షేమం.

ఇక అడ్వాన్సు సంగతి. చెల్లి పెళ్ళికనో, ఇంటి అవసరానికనో యాభై వేలు, లక్ష ముందుగా ఇచ్చే యజమాని ఉదారుడుగా కనబడతాడు. ఆ అప్పు తీరేదాకా డ్రైవరు ఆ బండి దిగలేడు; ఏ మాటకూ ఎదురు చెప్పలేడు. తొలి ఏడాది అడ్వాన్సు తీసుకోకుండా ఉండడానికి కుటుంబం కూడా సహకరించాలి. తప్పనిసరి అయితే దానిని కాగితం మీద పెట్టాలి, నెలకెంత కోత అన్నది అందులోనే వ్రాయించాలి. అప్పును వ్రాతపూర్వకంగా, సాక్షుల సమక్షంలో నమోదు చేసుకోవాలని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా అధ్యాయం 282వ వాక్యం ఆదేశిస్తున్నది. “మనవాడే కదా, కాగితమెందుకు” అనడం మర్యాద అనిపించుకోదు. తరువాతి తగాదాకు అదే బీజం.

బరువు, కట్టు, నిద్ర

యజమాని స్వభావం మూడు విషయాలలో బయటపడుతుంది.

మొదటిది బరువు. 2018లో కేంద్రం లారీల మోత పరిమితిని పెంచింది. పది టైర్ల లారీకి బండి, సరుకు కలిపి 25 టన్నులుండేది 28.5 టన్నులైంది. అయినా అధిక లోడు ఆగలేదు. 2019 సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పరిమితి దాటిన ప్రతి టన్నుకు అదనంగా 2,000. కాటా వేయించడానికి బండి ఆపకపోతే 40,000. బల్ల అంచులు దాటి పక్కలకు, ముందుకు, వెనుకకు సరుకు పొడుచుకు వస్తే దానికీ 20,000. ఈ చట్టం బండి నడిపినవానినీ, నడిపించినవానినీ ఇద్దరినీ బాధ్యులను చేస్తుంది. యజమాని ఇంట్లో ఉంటాడు. రోడ్డు మీద దొరికేది డ్రైవరే. కొంతకాలం కిందట బండి వెనుక ఒక మీటరు వరకు కమ్ములు బయటికి ఉండనిచ్చేవారు. చీకటిలో వెనుక నుండి వచ్చిన మోటారు సైకిళ్ళు, కార్లు ఆ కమ్ములకు గుచ్చుకొని ఎందరో మరణించగా 2014లో ఆ సడలింపును రద్దు చేశారు. ట్రైలరు డ్రైవరు చేతిలో ఉన్నది తన ప్రాణమొక్కటే కాదని ఈ ఒక్క సంగతి చాటుతుంది.

రెండవది కట్టు. ఒంటెను కట్టివేసిన తరువాతనే అల్లాహ్ మీద భారం వేయాలన్న దైవప్రవక్త (స) హితవు మనకందరికీ తెలిసినదే. ట్రైలరు డ్రైవరుకు అది అలంకారం కాదు, దినచర్య. ఐరోపా ప్రమాణాల ప్రకారం సరుకు ముందుకు జారకుండా దాని బరువులో 0.8 వంతు బలాన్ని, పక్కలకూ వెనుకకూ జారకుండా సగం బలాన్ని తట్టుకునేలా కట్టాలి. అమెరికాలో బయలుదేరిన తొలి 50 మైళ్ళలోపే, అనగా 80 కిలోమీటర్లలోపే డ్రైవరు బండి ఆపి కట్లు పరీక్షించాలి. తరువాత ప్రతి 150 మైళ్ళకు, లేదా మూడు గంటలకు మరల చూడాలి. బండి కుదుపులకు సరుకు సర్దుకొని కట్టు వదులు కావడమే ఈ నిబంధనకు కారణం. విశాఖలో కట్టిన గొలుసు తుని చేరేసరికి వదులు కావడానికీ అదే కారణం. కనుక యజమానిని అడగండి: గొలుసులు, రాట్చెట్ బెల్టులు, చెక్క దిమ్మెలు, చేతి తొడుగులు మీరిస్తారా? అరిగిన బెల్టు మార్చమంటే మారుస్తారా? తొలి రెండు మూడు నెలలు అనుభవమున్న డ్రైవరు పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తారా? ఈ చివరి ప్రశ్నకు “అవును” అన్న యజమాని రెండు వేలు తక్కువిచ్చినా అతనినే ఎంచుకోండి. వీలైతే యార్డులో నిలిచి ఉన్న అతని బండ్లను ఒకసారి చుట్టి చూడండి. టైర్లు, బెల్టులు, వెనుక దీపాలు యజమాని మాటల కన్నా ఎక్కువ చెబుతాయి.

మూడవది నిద్ర. ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న రవాణా సంస్థలకు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని నిర్ణయించింది. దూర మార్గాలలో గరిష్ఠంగా 10 గంటలు. ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి, వారానికొక సెలవు. ఆ చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలో కలిపారు. ఎనిమిది గంటల సూత్రం మాత్రం నిలిచే ఉంది. రోడ్డు మీద ఇది ఎంతవరకు అమలవుతున్నదో డ్రైవర్ల కళ్ళను చూస్తే తెలుస్తుంది. అర్ధరాత్రి దాటిన తరువాత తెల్లవారేలోగా కునుకు మనిషి అనుమతి అడగదు. మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి యాభై మీటర్లు దిక్కులేకుండా పోతుంది. ఇద్దరు డ్రైవర్లను పెడతారా, ఒక్కరేనా? ఎన్ని గంటలలో చేరాలని గడువు పెడతారు? “నిద్ర వస్తున్నది, రెండు గంటలు ఆపుతాను” అని ఫోను చేస్తే ఏమంటారు? రమజాన్‌లో ప్రయాణికునికి ఉపవాసం వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని ధర్మమే ఇచ్చింది. నీరసంతో బరువు బండి నడిపి ఇతరులను ప్రమాదంలోకి నెట్టడం కన్నా ఆ సౌలభ్యాన్ని వినియోగించుకొని, తరువాత ఆ ఉపవాసాలు పూర్తి చేసుకోవడం ఉచితం.

ఒక్క ప్రశ్న

పైన చెప్పినవన్నీ చివరకు ఒక్క ప్రశ్నలో ఇముడుతాయి: ఈ యజమాని వద్ద నేను “కాదు” అనగలనా? బరువు ఎక్కువైంది, ఎక్కించను. కట్టు చాలలేదు, కదలను. నిద్ర వస్తున్నది, నడపను అని అంటే మరునాడు కూడా పని ఉంటుందా?

దీనికి జవాబు యజమాని నోటి నుండి రాదు. అతని వద్ద పనిచేసిన డ్రైవర్ల నుండి వస్తుంది. డాబాలో, పెట్రోలు బంకులో వారు కనబడతారు. ఎన్నేళ్ళుగా ఉన్నావు అని అడగండి. నాలుగు బండ్లకు ఏడాదిలో పదిమంది డ్రైవర్లు మారారంటే మరేమీ అడగనక్కరలేదు. మానివేసినవాని బాకీ చెల్లించారా అని కూడా తప్పక విచారించండి. శ్రామికుని వేతనాన్ని జాప్యం చేయకుండా చెల్లించాలన్నది మన ధర్మం యజమానులకు విధించిన బాధ్యత. దానిని గౌరవించేవారు మిగిలిన విషయాలలోనూ ధర్మంగానే ఉంటారని ఆశించవచ్చు.

కొందరు ఇక్కడ అడ్డు చెబుతారు. “కొత్తవాడు షరతులు పెడితే ఎవరు పనిలో పెట్టుకుంటారు?” అని. పేదరికం తొందర పెడుతున్నప్పుడు ఈ మాట తేలికగా కొట్టివేయదగినది కాదు. అయితే డ్రైవర్ల కొరత ఉన్న కాలమిది. బేరమాడే శక్తి కొత్తవానికీ కొంత ఉంది. అన్ని షరతులూ నెగ్గకపోవచ్చు. జీతంలో తగ్గవచ్చు, సెలవులలో సర్దుకోవచ్చు. బరువు, కట్టు, నిద్ర అన్న మూడింటిలో మాత్రం తగ్గరాదు. ఆ మూడూ ఒప్పుకోని చోట పని దొరికిందని సంతోషించడం కన్నా మరొక నెల క్లీనరుగానో, స్థానిక లారీ మీదనో గడపడం నయం.

చిన్న యజమానా, పెద్ద సంస్థా?

మన దేశంలో లారీలలో అధికభాగం ఒకటి నుండి ఐదు బండ్లున్న చిన్న యజమానులవే. వారిలో ఒకప్పుడు తామే డ్రైవర్లుగా ఉన్నవారు ఎక్కువ. నిద్ర విలువ వారికి తెలుసు. ఇంటి కష్టం చెప్పుకొనే వీలుంటుంది. అయితే ఫైనాన్సు వాయిదా మీద పడినప్పుడు ఆ ఒత్తిడి నేరుగా డ్రైవరు మీదికి దిగుతుంది. బండి ఒక్కటే అయినవారికి అది ఆగిన ప్రతి రోజూ నష్టమే.

పెద్ద సంస్థలలో జీతం ఖాతాలో పడుతుంది. పదిమంది పైబడి ఉన్నచోట ఈఎస్ఐ, ఇరవైమంది పైబడి ఉన్నచోట భవిష్యనిధి వర్తిస్తాయి. ఈఎస్ఐకి నెలజీతం 21,000 రూపాయల లోపు ఉండాలి. పేరు నమోదు చేశారా అన్నది మాటతో సరిపెట్టుకోక నంబరు అడిగి తీసుకోవాలి. ఆ సంస్థలలో జీపీఎస్ గడువులు కఠినంగా ఉండవచ్చు. బాధ చెప్పుకుందామంటే వినే మనిషి దొరకకపోవచ్చు.

చిన్నదైనా పెద్దదైనా, బండి ఎక్కే ముందు దాని నంబరును ప్రభుత్వపు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్, బీమా, కాలుష్య పత్రం గడువులో ఉన్నాయో లేదో నిమిషంలో తెలుస్తుంది. బీమాలో డ్రైవరుకు రక్షణ ఉందో లేదో పాలసీ కాగితం చూపించమనండి. విధి నిర్వహణలో గాయపడిన కార్మికునికి యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం 1923 నుండి మన చట్టంలో ఉంది. కానీ ఫలానావాని వద్ద పనిచేస్తున్నానని రుజువు చేసే ముక్క లేకపోతే ఆ హక్కు కోర్టు మెట్ల మీదనే ఆగిపోతుంది. నియామక పత్రం ఇవ్వకపోయినా జీతం ఖాతాకు వేయించుకుంటే అదే సాక్ష్యం.

గల్ఫు ట్రైలర్లు

గోదావరి జిల్లాల నుండి గల్ఫుకు వెళ్ళే డ్రైవర్లలో ట్రైలరు పని ఆశించేవారున్నారు. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. ఈమైగ్రేట్ వెబ్‌సైటులో వాని లైసెన్సు నంబరు చూడవచ్చు. వాని సేవా రుసుము పరిమితి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఇంటి డ్రైవరు వీసా మీద తీసుకువెళ్ళి ట్రైలరు ఎక్కిస్తామంటే అంగీకరించకండి. వీసా ఒక పనికి, చేసేది మరొక పని అయితే అక్కడ ఫిర్యాదు చేసే నోరు మూతపడుతుంది. ఇక్కడ రెండు మూడేళ్ళు కట్టు, బరువు నేర్చుకొని వెళ్ళినవానికి అక్కడ విలువ ఉంటుంది.

ఇంటివారికి

తల్లిదండ్రులకు, భార్యలకు మా మనవి. డ్రైవరు ఫోను చేసినప్పుడు “డబ్బు ఎప్పుడు పంపుతావు” అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. “రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, కట్లు చూసుకున్నావా” అని అడగండి. యజమాని ఫోను నంబరు, బండి నంబరు, లైసెన్సు నకలు, బీమా నకలు ఇంట్లో ఒక సంచిలో ఉంచండి. కొడుకు పని మానివేసి వచ్చానన్నప్పుడు కోపించే ముందు ఎందుకు మానాడో వినండి. అధిక లోడు ఎత్తనన్నందుకు మానవలసి వస్తే వాడు ఇంటికి నష్టం తేలేదు. వాడికి ఆ రోజు అన్నం పెట్టి, మరొక యజమానిని వెదకడానికి తోడ్పడండి. ధర్మసమ్మతమైన సంపాదనకు ఇంటి తోడ్పాటు కూడా ఒక భాగమే. అల్లాహ్ మన డ్రైవర్లందరినీ క్షేమంగా ఇంటికి చేర్చుగాక!